మూడు మునకలు

కళింగపట్నం
జూన్ 19

ఒరే ఉమాపతీ,

నేనిక్కడ ఊపిరితో ఉన్నాను, నువ్వక్కడ బేరాలతో ఉన్నావు. ఆ కబుర్లు ఇంతటితో చాలు.

వేట నిషేధం తీరి నాలుగు రోజులైంది. ఊళ్ళో పడవలన్నీ నీళ్ళలోకి దిగాయి. మా శివాజీ మాత్రం పడవ కన్నా ముందు ఫోను దిగాలంటున్నాడు. కోటబొమ్మాళిలో నీ దుకాణంలో, అద్దాల పెట్టెలో దేవుడి పటానికి పెట్టినట్టు లైటు పెట్టి నిలబెట్టావట కదా, ఆ పెద్ద ఫోను. ఫ్లాగ్‌షిప్ అంటున్నాడు. అంటే ఏంటని కోడలు హేమను అడిగితే, ఓడలన్నిటికీ ముందు జెండా కట్టుకుని నడిచే ఓడ అని చెప్పింది. అరచేతిలో పట్టే ఓడ ఎవణ్ణి దాటిస్తుందిరా అన్నాను.

శనివారం శనివారం పడవల పాక దగ్గర నేను పురాణం చెబుతానని నీకు తెలుసు. పాలసముద్రం చిలికితే ముందు పైకి తేలింది అమృతం కాదు, విషం. అందుకే ఎవరు ఏ కొత్త వస్తువు తెచ్చినా ముందు నేనడిగేది, ఇందులో విషం ఎక్కడుంది అని. పోయిన శనివారం అదే మాట గొంతు చించుకుని అడిగాను. జనం చప్పట్లు కొట్టారు. కొట్టనివాళ్ళు ఫోనులో నన్ను వీడియో తీస్తున్నారు.

నీ దగ్గర దాపరికమెందుకు, గట్టిగా కాదనడానికి నాకు నోరు రావడం లేదు. మా తమ్ముడు సింహాద్రి సంగతి నీకు తెలియనిదా! ఆ రోజు రేడియోలో గాలి కబురు చెప్పారు. వాడి రేడియోలో బ్యాటరీలు అయిపోయాయి. వాడు సముద్రం మీద నుంచి తిరిగి రాక పద్దెనిమిదేళ్ళయింది. ఇప్పటికీ గాలి అటునుంచి ఇటు తిరిగిందంటే ఒడ్డుకు పోయి పడవలు లెక్కపెడతాను. గాలి కబురు ముందే చెప్పే వస్తువును నా కొడుక్కి వద్దనడానికి నేనెవణ్ణి?

అందుకని ఆ ఫోను బలమేంటో బలహీనతేంటో నిజంగా తూచి రాయి. ఫోన్లమ్మేవాడివి ఫోను చేసి చెబుదామనుకోకు. నోటి మాటను నువ్వు బేరంలో ఎటైనా తిప్పగలవు. కాగితం మీద రాయి. అన్నిటికన్నా ముందు ఒక్క ప్రశ్నకు జవాబు కావాలి. అది సముద్రానికి ఆగుతుందా?

కూర్మయ్య


కోటబొమ్మాళి
జూన్ 25

పురాణాల కూర్మయ్యకు,

చుట్టూ అరవై ఫోన్లు పెట్టుకుని కాగితం మీద కలంతో రాస్తున్నాను. చూసినవాళ్ళు నవ్వుతున్నారు. పదో తరగతి నుంచి నీ మాట కాదనలేని జబ్బు నాది.

తూచి రాయమన్నావు కదా. బలాలు చెబుతాను. మిట్టమధ్యాహ్నం ఇసుకలో నిలబడి చూసినా దాని తెర వెలవెలబోదు. కెమెరాతో మీ దీపస్తంభం పైనున్న కాకి ముక్కు చూడొచ్చు. ఒకసారి చార్జింగ్ పెడితే మర్నాడు మధ్యాహ్నం దాకా వస్తుంది. గాలి, వాన హెచ్చరికలు తెర మీదకు వాటంతట అవే వస్తాయి. ఒడ్డు కనబడనంత దూరం పోతే సిగ్నల్ అందదు గానీ, దారి చూపే మ్యాపు మాత్రం అక్కడా పనిచేస్తుంది.

ఇక బలహీనతలు. బరువు. ముందూ వెనకా గాజు. తడిచేత్తో పట్టుకుంటే కానాగంత చేపలా జారిపోతుంది. ఎండలో ఎక్కువసేపు ఉంచితే పెనంలా కాలుతుంది. బాగుచేయాలంటే విశాఖపట్నమే పోవాలి. ఇంకొకటి మీవాడి వల్లే తెలిసింది. మొన్న వచ్చినప్పుడు వేలిముద్ర పెట్టి తెరవమన్నాను. పదిసార్లు పెట్టాడు. తాళ్ళు లాగి లాగి బొటనవేలి గీతలన్నీ అరిగిపోయాయి, అది తెరుచుకోదు. "ఏటి మావా, నన్నే నాను కాదంతన్నాది!" అని ఒకటే నవ్వు. తలపాగా తీసి మొహం చూపిస్తే ఒప్పుకుంది.

సముద్రం సంగతి అడిగావు. నీళ్ళకు భయం లేదు. ఒకటిన్నర మీటరు లోతులో అరగంట ఉన్నా ఏమీ కాదని కంపెనీ కాగితం మీదే ఉంది. మీవాడి కళ్ళముందే గాజుగ్లాసులో నీళ్ళు పోసి, అందులో వేసి తీసి చూపించాను. తీశాక దాన్నుంచే మా ఇంటికి ఫోను చేశాడు.

కొనమనీ అనను, వద్దనీ అనను. నా కొడుకైతే కొనిచ్చేవాణ్ణి.

ఉమాపతి


కళింగపట్నం
జూలై 13

ఉమాపతీ,

కొన్నాడు. నేనూ ఒప్పుకున్నాను. ఒప్పుకున్నందుకు ఇప్పుడు సంతోషంగానే ఉంది, అది రాయడానికే సిగ్గుగా ఉంది.

ఎనిమిదో తారీకు ఉదయం పదకొండుకు గాలి తిరుగుతుందని అది చెప్పింది. పదకొండుంబావుకు తిరిగింది. అప్పటికే మావాడు ఒడ్డున కూర్చుని వల విడదీసుకుంటున్నాడు. మిగతా పడవలు కెరటాల మీద ఎగిరెగిరి వచ్చి పడ్డాయి. ఒక పడవ ఇంజను పోయింది. ఆ శనివారం పాకలో నేను పురాణం ఆపి, "దేవుడు మనిషికి రెండు కళ్ళిచ్చాడు, బుద్ధిమంతుడు మూడోది సంపాదించుకుంటాడు" అని చెప్పాను. అంతకుముందు విషమన్నావు కదా తాతా అని వెనక నుంచి ఎవరో అన్నారు. విన్నా విననట్టున్నాను.

దాన్ని సముద్రం మీదకు పంపేముందు మా ఆచారం ప్రకారం గంగమ్మకు చూపించాం. ఏ లోటూ చేయలేదు.

ఒక్క సంగతి చెప్పాలి. పడవలోని పాత జీపీఎస్ పెట్టె, మీటల ఫోను రెండూ శివాజీ వేరేవాళ్ళకు ఇచ్చేశాడు. "అన్నీ దీన్లోనే ఉన్నాయి నాయినా, ఇంక అయ్యెందుకు?" అన్నాడు. నేను వద్దనలేదు. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి నాకు కంటినిండా నిద్ర పడుతోంది. నిద్ర పడుతున్నందుకే మళ్ళీ భయంగా ఉంది.

కూర్మయ్య


కోటబొమ్మాళి
సెప్టెంబరు 3

కూర్మయ్యా,

నిన్న శివాజీ వచ్చాడు. చార్జింగ్ ఎక్కడం లేదన్నాడు. ఒక్కోరోజు ఎక్కుతుందట, ఒక్కోరోజు తెర మీద నీటిబొట్టు గుర్తు చూపించి మొరాయిస్తుందట. చార్జింగ్ రంధ్రంలో సన్నని బ్రష్షు పెట్టి తుడిచాను. తెల్లగా పొడి రాలింది. వేలికి అద్దుకుని నాలుక మీద వేసుకున్నాను. ఉప్పు.

సముద్రంలో పడేశావురా అని అడిగాను. "ఒట్టు మావా, పడనేదు" అన్నాడు. కానీ కళ్ళు కిందికి దించుకున్నాడు. నీకేమైనా తెలుసా? పైపైన తడి తగిలితే అంత లోపలికి ఉప్పు దిగదు.

ప్రస్తుతానికి శుభ్రం చేసి ఇచ్చాను, పనిచేస్తోంది. కానీ లోపల తుప్పు మొదలైతే బ్రష్షు చాలదు. వాడు నా మాట వినడం లేదు, నువ్వు చెప్పు. పడవలో ఒక మీటల ఫోనైనా ఉండాలి. మళ్ళీ చెబుతున్నాను, ఉండాలి.

ఉమాపతి


కళింగపట్నం
సెప్టెంబరు 8

ఉమాపతి గారికి,

గారు అని రాశానని నవ్వకండి. బేరగాడికి బేరగాడి మర్యాద.

నీళ్ళకు భయం లేదని మీ చేత్తో రాసిన కాగితం నా దగ్గరుంది. నా పురాణం పుస్తకంలోనే పెట్టాను. మూడు నెలలు తిరగకుండా తెల్లపొడి, తుప్పు, బ్రష్షు అంటున్నారు. పైగా "నీకేమైనా తెలుసా" అని నన్నే అడుగుతున్నారు. నా ఇంట్లో దానికి ఏమీ జరగలేదు. జరగాల్సిందేదైనా ఉంటే మీ అద్దాల పెట్టెలోనే జరిగి ఉంటుంది.

పూర్వం ఒక పెద్దమనిషి యుద్ధభూమిలో నిలబడి, అబద్ధాన్ని అందరికీ వినబడేలా చెప్పి, నిజాన్ని గొంతులోనే గొణుక్కున్నాడు. అంతవరకూ నేలకు తగలకుండా నడిచిన ఆయన రథం ఆ క్షణంలో నేలకు దిగిపోయింది. మీ రథం ఎక్కడుందో ఒకసారి వంగి చూసుకోండి. ఆ కంపెనీ కాగితం నాకు పంపండి. ఇంగ్లీషైనా సరే, హేమ చదివి చెబుతుంది.

కూర్మయ్య


కళింగపట్నం
అక్టోబరు 28, ఉదయం

ఉమాపతీ,

ఐసు వ్యాన్ డ్రైవర్ వెంకీ చేతికి ఇది ఇచ్చి పంపుతున్నాను. మీ వీధి మీదుగానే వెళ్తాడు. నిన్నటి గాలికి ఇక్కడ కరెంటు లేదు, సెల్ టవర్ చచ్చిపోయింది. ఊళ్ళో ఎవరి ఫోనూ మాట్లాడడం లేదు.

శివాజీ మొన్న తెల్లవారుజామున వెళ్ళాడు. తోడు హేమ తమ్ముడు జగన్నాధం ఒక్కడే. తుఫాను హెచ్చరిక మొన్న మధ్యాహ్నం వచ్చింది. మీటల ఫోన్లున్న పడవలన్నీ సాయంత్రానికి తిరిగొచ్చాయి. వీళ్ళు రాలేదు. టవర్ పోకముందు హేమ నలభైసార్లు చేసింది. స్విచ్ ఆఫ్ అనే వచ్చింది. నిన్నంతా ఒడ్డున నిలబడ్డాం. కెరటం కొబ్బరిచెట్ల మొదళ్ళ దాకా వచ్చింది. సింహాద్రి కోసం నిలబడిన చోటే నిలబడ్డాను. కావాలని కాదు, కాళ్ళు అక్కడికే పోయాయి.

నీకు అబద్ధం రాశాను. విను.

సముద్రానికి వెళ్ళే ఏ కొత్త సరుకైనా ముందు గంగమ్మకు ఇచ్చి తీసుకోవాలి. ఇంజనుకైతే మూడు దోసిళ్ళ నీళ్ళు చల్లుతాం. వలకైతే పసుపు రాసి సముద్రంలో మూడు మునకలు వేయిస్తాం. ఫోను కొని తెచ్చిన రోజు ఒడ్డుకు మేమిద్దరమే వెళ్ళాం, నేనూ శివాజీ. మావాడు చల్లితే చాలన్నాడు. నేను నీ ఉత్తరం తీసి చదివి వినిపించాను. "నీళ్ళకు భయం నేదని రాసినాడు, మరి గంగమ్మకి దొంగదండం ఎందుకురా?" అని వాడి చేతిలోంచి లాక్కున్నాను. మోకాళ్ళ లోతులో నిలబడి మూడు మునకలు వేయించాను. మూడోసారి కెరటం తగ్గేదాకా నీళ్ళలోనే పట్టుకున్నాను. ఎవరికీ చెప్పొద్దని వాడితో ఒట్టు వేయించుకున్నాను. ఎందుకంటే దానికి రెండు వారాల ముందే ఫోను విషమని పాకలో అరిచింది నేనే.

వాడు నీ ముందు కళ్ళు దించుకున్నది నా కోసం.

చేతనైతే ఏదైనా చెయ్యి. ఏం చేయగలవో నాకు తెలియదు.

కూర్మయ్య


కోటబొమ్మాళి
అక్టోబరు 28, మధ్యాహ్నం

ఒరే కూర్మయ్యా,

వెంకీని అరగంట నిలబెట్టి రాస్తున్నాను. ఇక్కడ ఫోన్లు పనిచేస్తున్నాయి. భావనపాడు హార్బరులో తెలిసినవాళ్ళకు చెప్పాను. మెరైన్ పోలీసులకు పడవ రంగు, ఇద్దరి పేర్లు, వయసులు రాయించాను. నౌపడలో ఉప్పుమళ్ళ దగ్గర మా వియ్యంకుడున్నాడు. గాలి అటే తోస్తోంది కనుక కాలువల వెంట మనుషుల్ని నడిపించమన్నాను. దుకాణం మూశాను. నా ఫోను ఒక్క నిమిషం కూడా చేతిలోంచి దించను.

నువ్వడిగిన కంపెనీ కాగితం నెలన్నరగా నా సొరుగులో ఉంది. పంపలేదు. వంగి చూసుకోమన్నావు, చూసుకున్నాను.

ఒకటిన్నర మీటరు, అరగంట అని ఉన్న చోట ఒక చిన్న నక్షత్రం గుర్తుంది. ఆ గుర్తు కాగితం అడుగున మళ్ళీ వస్తుంది. అక్కడ చీమతలకాయంత అక్షరాల్లో ఏముందో తెలుసా? ఆ పరీక్ష మంచినీళ్ళలో చేసిందట. సముద్రపు నీళ్ళకు, ఉప్పుకు వర్తించదట. జూన్‌లో నీకు ఉత్తరం రాసేటప్పుడు ఆ అక్షరాలు నాకు తెలుసు. నువ్వడిగింది సముద్రం సంగతి, నేను జవాబు చెప్పింది నీళ్ళ సంగతి. ఆ ఒక్క మాట రాస్తే నువ్వు వద్దంటావని తెలుసు. ఆ ఫోను కోటబొమ్మాళిలో మొదట అమ్మినవాణ్ణి నేనే అనిపించుకోవాలని ఆశపడ్డాను. సముద్రంలో ఎవడు ముంచుతాడులే అనుకున్నాను.

నీ మూడు మునకలకూ నా ఉత్తరమే ముహూర్తం పెట్టింది. తిట్టు, తరవాత తిట్టు. ఒడ్డు వదలకు.

ఉమాపతి


కళింగపట్నం
అక్టోబరు 29, ఉదయం

ఉమాపతీ,

తిట్టే ఓపిక లేదు.

గాలి పడిపోయింది. సముద్రం ఏమీ ఎరగనట్టుంది. దాన్ని చూస్తే ఇంకా భయమేస్తోంది. హేమ తిండి ముట్టలేదు. ఇందాక ఆడవాళ్ళొచ్చి, "పురాణం సదువు అన్నా, కొంచెం దైర్నంగా ఉంతాది" అన్నారు. పుస్తకం తెరిస్తే నీ ఉత్తరం బయటపడింది. నీళ్ళకు భయం లేదు. ఆ అక్షరాలే కనబడ్డాయి, వాటి కింద పద్యం కనబడలేదు. మూసేశాను. గొంతు బాగాలేదని చెప్పాను. నలభై ఏళ్ళలో గొంతు బాగాలేదని చెప్పడం ఇదే మొదలు.

గంగమ్మ మీద నాకు కోపం లేదు. ఆమెకు నేను ఇచ్చింది ఫోను. తీసుకున్నది ఏదో ఇంకా తెలియదు.

టవర్ ఇంకా లేవలేదు. ఏ కబురైనా వెంకీ చేతికే ఇవ్వు. మంచిదైతే పై వరుసలోనే రాయి. కాకపోతే ఏమీ రాయకుండా తెల్లకాగితం పంపు.

కూర్మయ్య


కోటబొమ్మాళి
అక్టోబరు 29, పదకొండు గంటలు

బతికున్నారు. ఇద్దరూ.

హేమకు ఈ వరుస చూపించి రా, ఆ తరవాత మిగతాది చదువు.

వాళ్ళు వెళ్ళిన మధ్యాహ్నమే ఫోను చచ్చిపోయింది. హెచ్చరికా రాలేదు, దారి చూపే మ్యాపూ లేదు. నల్లటి అద్దం ముక్క ఒకటి చేతిలో మిగిలింది. గాలి ఎటు తోస్తే అటు పోయారు. నిన్న సాయంత్రం నౌపడ కాలువ సముద్రంలో కలిసే మొగలో ఇసుకమేటకు కొట్టుకుని పడవ రెండు ముక్కలైంది. పొద్దున్నే ఉప్పుమళ్ళలో పనికి వెళ్ళినవాళ్ళు చూసి ఇద్దర్నీ పైకి లాగారు. జగన్నాధం కుడిచెయ్యి పడవకూ మేటకూ మధ్య నలిగింది. టెక్కలి ఆసుపత్రిలో ఉన్నాడు. చెయ్యి నిలుస్తుందో లేదో రేపు చెబుతామన్నారు.

ఉప్పుమడి కూలీ ఒకాయన తన ఫోను చేతికిచ్చి ఇంటికి చేసుకోమంటే, మీవాడికి ఒక్క నంబరూ గుర్తు లేదట. నీ కోడలి నంబరు కూడా. అన్నీ చచ్చిన ఫోనులోనే ఉన్నాయి. ఫోను కవరు వెనక నా దుకాణం స్టిక్కరు ఉంది. అది చూసి నాకు చేశాడు. మొదటి మాట ఏమన్నాడో తెలుసా? "మావా, నాయినికి సెప్పకు. ఫోను పాడుసేసింది నానే. ఐసుపెట్టె మీద పెట్టి తడిపీసినాను." ఏడుస్తున్నాడు. నేను ఊఁ అన్నాను గానీ ఏమీ చెప్పలేదు. చెప్పాల్సింది నేను ఒక్కణ్ణే కాదు.

టెక్కలికి కారు మాట్లాడాను, వెళ్తున్నాను.

ఉమాపతి


కళింగపట్నం
నవంబరు 15

ఉమాపతీ,

శివాజీ తిరిగొచ్చి రెండు వారాలు దాటింది. జగన్నాధం చెయ్యి తీసేయలేదు గానీ, వేళ్ళు ముడవడం లేదు. ఇక తాడు లాగలేడు. రోజూ వచ్చి నా అరుగు మీద కూర్చుంటాడు. నన్ను ఒక్క మాట అనడు. వాడికేమీ తెలియదు కదా, ఎందుకంటాడు?

చెప్పేశావా అని రెండు ఉత్తరాల్లో అడిగావు. చెప్పలేదు. ఇవాళ పొద్దున్న ఏం జరిగిందో రాస్తాను.

మునకలు వేయిస్తుండగా ఎవరో చూశారు. నాకు తెలియదు. ఊరంతా ఎప్పుడో పాకిపోయింది. నేను తలుచుకుని కుళ్ళిపోతున్న ఆ పనినే వీళ్ళు మహిమ కింద చెప్పుకుంటున్నారు. ఫోనుని గంగమ్మకు ఇచ్చారు గనకనే పడవ ముక్కలైనా మనుషులు దక్కారట! ఇవాళ పౌర్ణమికి ముందు శనివారమో ఏదో లెక్క చెప్పి, ఐదుగురు పళ్ళెం పట్టుకుని వచ్చారు. పళ్ళెంలో ఐదు కొత్త ఫోన్లు. ఒక్కోదానికీ పసుపు బొట్టు. "మూడేసి మునకలు నీ సేత్తోటే ఎయ్యాల" అని నిలబడ్డారు. శివాజీ పక్కనే ఉన్నాడు. జగన్నాధం అరుగు మీద ఉన్నాడు.

పిడుగులు పడినట్టు మాట్లాడతానని నాకు పేరు. ఇవాళ మామూలు గొంతుతోనే చెప్పాను. ముంచింది నేను. చంపింది ఉప్పు. నేను చెప్పినట్టు ముంచితే మీరూ పోతారు. గంగమ్మకు ఆ పని అక్కర్లేదు, అది నేను కల్పించింది. నీ చిన్న అక్షరాల ఉత్తరం తెచ్చి చదివాను. నా అబద్ధపు ఉత్తరం సంగతీ దాచలేదు.

శివాజీ నన్ను చూడలేదు, జగన్నాధం చేతిని చూశాడు. జగన్నాధం లేచి నిలబడి, "నానింటికి పోతన్నాను మావా" అన్నాడు. వెళ్ళిపోయాడు. మావా అని ఎందుకన్నాడో, ఆ పిలుపు మళ్ళీ వింటానో లేదో నాకు తెలియదు. నలుగురు తమ ఫోన్లు తీసుకుని పసుపు తుడుచుకున్నారు. శివాజీ వాళ్ళకు తుడిచిపెట్టాడు.

ఐదోది బుల్లమ్మది. అంటే ఆమె కొడుకుది. ఆమె తియ్యలేదు. "పెద్దోడివి, ఏదో పరీచ్చ పెడతన్నావు. నీ కొడుకు దక్కినాడు, నా కొడుకు దక్కొద్దా? నా ఎదురుగా ఒద్దంతే ఒద్దులే, నానెల్లినాక ఎయ్యి" అని పళ్ళెం నా ముందే వదిలేసి వెళ్ళిపోయింది. ఆమె కొడుకు సాయంత్రం పోటుకు సముద్రం మీదకు వెళ్తాడు.

నలభై ఏళ్ళు జనానికి నమ్మించడం నేర్చుకున్నాను ఉమాపతీ. ఒకసారి నమ్మినవాళ్ళ చేత ఆ నమ్మకం మాన్పించడం ఏ పుస్తకంలోనూ చదువుకోలేదు. నేను ముంచకపోతే ఆమె ముంచుతుంది. ఆమె ముంచకపోతే వాడు ముంచుకుంటాడు. నా పేరు చెప్పుకునే ముంచుకుంటారు.

ఫోనును పొడి తువ్వాలులో చుట్టాను. వాళ్ళింటికి వెళ్ళి వాడి చేతికే ఇస్తాను. వాడు పడవ ఎక్కేదాకా వాడి వెనకే ఉంటాను, తిట్టినా, తోసినా. రేపటి పడవకూ అంతే. ఊళ్ళో ఎన్ని కొత్త ఫోన్లొస్తే అన్నిటి వెనకా.

ఇది రాస్తుండగానే తువ్వాలులో అది మోగుతోంది. ఆ కుర్రాడే వెతుక్కుంటున్నాడేమో, లేక సముద్రం మీద గాలి కబురేమో. ఎత్తడం నాకు రాదు. శివాజీని పిలిచాను, పలకలేదు. దీన్ని పట్టుకుని ఆ కుర్రాడి దగ్గరికే పరుగెత్తి వెళ్తున్నాను.

కూర్మయ్య